కట్టె గీసిన కాలువ

పామిడి దాటినాక పెన్న
నది కాదు, ఆరేసిన బట్ట.

బడిగోడ మీద నీళ్ళ పటం వేద్దామని
నీలిరంగు డబ్బాలు మూడు తెచ్చుకున్నా.
మారెక్క చూసి నవ్వింది.
"రంగు తెచ్చినావు సరే సారూ,
నీళ్ళు యాడుండాయో కనుక్కున్యావా?"

ఆమె మగనిది నీరుగంటోళ్ళ ఇల్లు.
మడికింతని మడవ తిప్పినోళ్ళు,
ఊరందరి పంటా పారగట్టి
తమ కడవ పట్టుకొని మాత్రం
ఎవరన్నా వంచి పోస్తారని
బావిగట్టుకు దూరంగా నిలబడినోళ్ళు.
ఈ మాట ఆమె చెప్పలేదు.
పాత బావి దగ్గర ఆమె కాళ్ళు
వాటంతటవే ఎడంగా తిరగడం చూసి నేనడిగితే
ఎర్రిస్వామి వాళ్ళ జేజి చెప్పింది.

సోమవారం తెల్లారకముందే బయల్దేరినాం.
ముందు మారెక్క, చేతిలో తుమ్మకట్టె.
వెనక తొమ్మిదిమంది పిల్లోళ్ళు. చివర నేను.
కట్టెకొన ఇసకలో ఈడ్చుకుంటా పోతాంది.
"తలపరిగె ఇట్లా పారేది" అంటాది,
వంగి తుంగగడ్డ పీకి వాసన చూసి
నాలుగడుగులు పక్కకు జరుగుతాది,
గీతా జరుగుతాది.
"ఈడ మా మామ చెలమ తీసేటోడు.
ముందు మనకు, ఆమీద గొర్లకు,
పూడ్చకుండా వదిలిపెట్టొస్తే
రాత్రికి నక్కకు."

"నక్కకూ వంతుందా అవ్వా?" పక్కీరమ్మ.
"లేకుంటే అదెట్ల బతకాల?"

మధ్యాన్నం ఇసక ట్రాక్టర్లు దిగినాయి.
సాయంత్రానికి మా గీత మీద
అడ్డదిడ్డంగా టైర్లు.
పిల్లోళ్ళ మొహాలు చూడలేక నేను అటు తిరిగితే
ఎర్రిస్వామి అవ్వ చేతిలో కట్టె అడుక్కొని
మళ్ళీ గీసినాడు, వంకరలతో సహా.
బుధవారం ఇంకోసారి.
ఆదివారం ఊర్లోవాళ్ళు పారలు పట్టుకొచ్చినారు.
అందరూ కాదు, ఏడుగురు.

నీలం డబ్బాల మూత ఇంకా తీయలేదు.
గోడ మీద ఇప్పటికుండేది
జాజుతో గీసిన ఒక్క గీత,
పదకొండు మలుపులు,
తోక మరీ పెద్దదైపోయిన నక్క.

నిన్న తొమ్మిదో మలుపు కాడ
ఇసక రవ్వంత నల్లగా అగుపించింది.
తడో, మబ్బు నీడో.
మారెక్క గుప్పెడు తీసి
చెంపకు ఆనించుకొని కండ్లు మూసుకుంది.
ఔననలేదు, కాదనలేదు.
ఇసకను తీసినచోటే పోసి
"రేపు ఇంకొంచెం పొద్దున్నే రాండి" అనింది.