సున్నా పాయింట్ సున్నా మూడు పిల్లి

యశ్వంతపుర మార్కెట్ యార్డు, వేరుశనగ గోడౌను, నంబరు పద్నాలుగు.
నా నోట్‌బుక్కులో ఎలుకలు ఎక్స్, పిల్లులు వై.
వాచ్‌మన్ మునివెంకటప్ప లెక్కలో
మసెమ్మ, చెవితెగింది, దొరసాని, దొరసాని కూతురు.
ఎలుకల్ని ఆయనెప్పుడూ లెక్కపెట్టలేదు,
కొరికిన గోతాల్ని లెక్కపెట్టాడు.

ఎనిమిది నెలలు
రాత్రి నేల మీద పిండి చల్లి
తెల్లారి అడుగులు ఏరుకుని
రెండే రెండు సమీకరణాలు రాశాను.
ఎలుకలు పెరిగితే పిల్లులు పెరుగుతాయి, కాస్త ఆలస్యంగా.
పిల్లులు పెరిగితే ఎలుకలు తరుగుతాయి.
తరిగిన సంగతి ఆకలికి తెలిసేదీ
కాస్త ఆలస్యంగానే.
తెర మీద రెండు గీతలు
ఒకదాని వెనక ఒకటి,
పట్టుకోవు, విడిచిపెట్టవు.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.
ప్రాణసంకటానికి బీటా అని పేరు పెట్టాను.
చెలగాటానికి ఏ అక్షరమూ దొరకలేదు.
చెవితెగింది పట్టినవాటిలో సగం తినదు,
కాటా మీద పెట్టి వెళ్లిపోతుంది
ఎవరో తూచి బిల్లు రాస్తారన్నట్టు.

సీజను అయిపోయింది, గోతాలు పలచబడ్డాయి.
మసెమ్మ ఎటో పోయింది. చెవితెగింది కూడా.
వెనక్కొస్తున్న లారీ కింద దొరసాని.
దాని కూతురు మూడు రోజులుగా కనిపించలేదు.

ముప్పై ఏడో వారం, తెర మీద: పిల్లులు 0.03.
"కంగారేం లేదు, మామూలే ఇది,
ఇక్కణ్ణుంచే గీత మళ్లీ లేస్తుంది, చూడండి" అన్నాను.
మునివెంకటప్ప కళ్లద్దాలు లుంగీకి తుడుచుకుని
వంగి చూశాడు.
"సున్నా సున్నా మూడంటే
తోకనా, మీసమా?
దేంట్లోంచి లేస్తాదమ్మా?"

ఆ రాత్రి ఒక్క వాక్యం కలిపాను:
ఒకటికన్నా తక్కువైతే సున్నా.
వై గీత నేలకి అతుక్కుపోయింది.
ఎక్స్ గీత పైకి, ఇంకా పైకి,
తెర అంచు దాటి
నాకు కనపడని గోతాల్లోకి.

ఆయన టిఫిన్ బాక్సు మూతలో
పెరుగన్నం కలుపుతున్నాడు.
"ఎవరికి?"
"వచ్చేదానికి."

నా సమీకరణాలకి గోడలే ఉన్నాయి,
బయటినుంచి దారి పెట్టలేదు.
షట్టరు దించుతూ ఆయన
కింద ఒక ఇటుక అడ్డం పెట్టాడు,
జానెడు సందు మిగిలేలా.