పసుపు గీత

అంబత్తూరు ఎస్టేటు, రెండో మెయిన్ రోడ్డు,
టీ బంకు పక్క సందులో మూడో షెడ్డు.
లోపల గచ్చు మీద ఒక పసుపు గీత:
ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు.
గీత లోపల ఏమీ లేదు.
రెండేళ్ళుగా ఏమీ లేదు.

పెంచలయ్య దాన్ని "మెషీను" అంటాడు.
"మెషీను మీద చెప్పులు పెట్టకురా" అంటాడు దేవసహాయంతో.
మధ్యాహ్నం క్యారేజీ కడిగేశాక దేవసహాయం
సరిగ్గా అక్కడే తుండుగుడ్డ పరుచుకుని
ఇంకా కొనని యంత్రం ఒళ్ళో నిద్రపోతాడు.

నేను లెక్కలు రాసేదాన్ని.
ఎనిమిది షెడ్లు, ఎనిమిది పాస్‌వర్డులు,
కొరట్టూరు నుంచి బస్సులో ఒళ్ళో లాప్‌టాప్.
ఇరవయ్యో తారీఖు నాకు పండగా కాదు, తద్దినమూ కాదు,
రెండింటికీ సరిపడా చాకిరీ మాత్రం ఉంటుంది.

ఇక్కడ పొలాలకు నీళ్ళు చల్లే నాజిళ్ళు చేస్తారు.
ఇత్తడి కడ్డీ లోపలికొచ్చేటప్పుడు నూటికి పద్దెనిమిది,
నాజిల్ అయి బయటికెళ్ళేటప్పుడు ఐదు.
రైతుకు చవగ్గా అందాలని ఆ ఐదు. మంచిదే.
మరి మధ్యలో తేడా?
"నీదే" అంటుంది తెర మీద అంకె.
పదకొండు లక్షల నలభై వేలు, నీదే,
అద్దంలో కనిపించే అన్నం ముద్దలా.

దరఖాస్తు పెట్టాను.
ఇత్తడి షావుకారు ఒక బిల్లులో అంకె తప్పేశాడని వెనక్కొచ్చింది.
మళ్ళీ పెట్టాను. ఆఫీసరు మారాడు.
మళ్ళీ పెట్టాను.

ఆ మధ్యలో సేలం నుంచి ఫోను: నలభై వేల నాజిళ్ళు, నెల రోజుల్లో.
"అవునండీ, అవునండీ" అంటూనే
పెంచలయ్య పసుపు గీత వైపు చూశాడు.
పాత లేత్ మీద రోజుకు ఆరు వందలు.
లెక్క నేను చెప్పక్కర్లేదు.
ఆర్డరు కోయంబత్తూరు వెళ్ళింది.

దాన్ని ఏ పద్దు కింద రాయను?
జరగని అమ్మకానికి పన్ను లేదు,
పెట్టని పెట్టుబడికి రసీదు లేదు.
రెండో షిఫ్టుకని తిరువళ్ళూరు నుంచి పిలిపించిన కుర్రాడు
టీ తాగి తిరిగి వెళ్ళిపోయాడు.
ఆ టీ పన్నెండు రూపాయలు మాత్రం ఖర్చులో రాశాను.

అలాగని పన్నే పగవాడంటే ఒప్పుకోను.
నిరుడు వానలకు షెడ్డులో మోకాల్లోతు నీళ్ళు.
"కట్టిందంతా ఏ గంగలో కలిసిందమ్మా" అని అరిచాడు పెంచలయ్య.
ఈ ఏడు ముందు రోడ్డంతా కాలువ తవ్వారు.
వాన పడింది. నీళ్ళు వెళ్ళిపోయాయి.
గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.
తిట్టడానికి చోటు దొరకని మనిషి మొహం
ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

రిఫండు ఒక మంగళవారం పడింది,
ఏడు నెలలకు, లక్షా పది వేలు కోత కోసుకుని.
ఆ ఏడు నెలల్లో మెషీను ధర రెండు లక్షలు పెరిగింది.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.
ఆయన పెయింటు డబ్బా తెచ్చాడు.
దేవసహాయాన్ని లేపి, టేపు ఒక కొస పట్టుకోమని,
చెరిగిపోయిన గీతను మళ్ళీ దిద్దాడు,
ఈసారి ఒక అడుగు తగ్గించి.

చేతులు తుడుచుకుని ట్రేలోంచి ఒక నాజిల్ ఇచ్చాడు.
"కంటికి పెట్టుకుని చూడమ్మా."
సూది మొనంత చిల్లు. అవతల ట్యూబులైటు.
"పెద్దదైతే మొక్క వేళ్ళతో సహా లేస్తుంది.
చిన్నదైనా పర్లేదు.
పూడిపోకూడదు, అంతే."

"నేనుంచుకోనా? శాంపిల్ అని రాస్తాను."
"ఉంచుకో. ఊరికే ఇచ్చినదానికి పన్నుండదుగా?"
"ఉంటుంది. దీంట్లో ఇత్తడికి తీసుకున్నది వెనక్కి కట్టాలి."

దేవసహాయం పడీపడీ నవ్వాడు.
నాజిల్‌ను మళ్ళీ ట్రేలో పెట్టి,
ఆరని పసుపు తొక్కకుండా చుట్టూ తిరిగి
బస్సుకు వెళ్ళాను.