వేలెడు దూరం

దేవరకొండ బస్టాండు వెనుక నా స్టూడియో.
పాస్‌పోర్టు సైజుకు నీలం పరదా, పెండ్లికి ఎర్ర పరదా,
పోయినోళ్ల ఫొటో పెద్దగ చేసేటప్పుడు
వెనుక ఏమీ లేకుండ తెలుపు.
ఇరవై రెండేండ్లు మొఖాలే తీసిన.
మచ్చలు తుడిచిన, ముడుతలు సాపు చేసిన,
అడగకముందే అందరినీ ఒక చాయ ఎక్కువ చేసి ఇచ్చిన.

ఇప్పుడు మంగళారం మంగళారం షట్టరు దించి
డిండి రోడ్డు పక్కన బండి ఆపి
పడావు పడ్డ చెల్కలకు దిగుతున్న.
పాత లెన్సొకటి తిరగేసి
సైకిలు ట్యూబు ముక్కతోని కెమెరాకు కట్టిన.
తలకిందులైనంక గాని దానికి
దగ్గరివి కనపడలే.
వేలెడు దూరం.
ఎంట్రుకంత ముందుకైతే మసక, ఎంట్రుకంత వెనుకకైతే మసక.

మొదలు వెంపలి.
కందిగింజంత పువ్వు, తెర మీద కొంగు పరిచినంత అయ్యింది.
గులాబి గాదు, ఊద గాదు,
ఆ రంగుకు నా కంప్యూటర్ల అంకె ఉన్నది, పేరు లేదు.
నేలవాకుడుకు ఆకు నడి ఈనె మీద గూడ ముల్లు.
జిల్లేడు మైనం కిరీటంల
ఒక చీమ, పాలల్ల కాలు ఇరికి గుంజుకుంటున్నది.
చూడనట్టు పక్క పువ్వుకు తిరిగిన.
మనసొప్పక మళ్ల వచ్చి చూస్తే లేదు.
ఎటు పోయిందో, ఎట్ల పోయిందో.

గాలి. ఒకటే గాలి.
నల్లమల దిక్కుకెల్లి పొద్దంత.
ఊపిరి బిగపట్టి లెక్కపెడుత: ఒకటి, రెండు,
మూడు అనేలోపల తంగేడు తల అడ్డంగ ఊపుతది,
ఫొటో వద్దనే ముసలోళ్ల లెక్క.

పల్లేరు కోసం మోకాళ్ల మీద కూలబడ్డ.
ఐదే పసుపు రేకులు, పొద్దటిపూటనే.
మోకాలిల దిగినవి
పోయిన నెల పూలు.

"ఏం పోగొట్టుకున్నవ్ కొడుకా?"

ఈదమ్మ. పదకొండు మేకలు, గొడుగు,
తెగిన చెప్పుకు చీరపేలిక ముడి.
పోగొట్టుకోలే, ఫొటో తీస్తున్న అన్న.
"దీన్నా? తంగేడును మేక గుడ ముట్టదు గదరా."
చూపిచ్చిన.
రెండు అరచేతులు అడ్డంపెట్టి తెర మీదికి వంగింది.
శానాసేపు.
"గిది నా చెల్కలదేనా?"
అవునన్న.
"పుట్టినసంది తొక్కుతున్న గద," అన్నది,
ఎవరికో చెప్పినట్టు.

అటెన్క బొటనవేలు నా ముక్కు ముందటికి చాపింది.
"గంత దగ్గర చూస్తదంటివి. గిండ్ల గీతలున్నయేమో చూడు.
పోస్టాఫీసుల మిషిను లేవంటున్నది.
పింఛను పడక మూడు నెల్లాయె."

వెంపలికి పెట్టిన వెలుతురే పెట్టిన.
తెల్ల రుమాలు ఈ పక్క, ఆమె గొడుగు ఆ పక్క.
నేను ఊపిరి బిగపట్టిన. చూసి ఆమె గుడ బిగపట్టింది.
మేకలొక్కటే ఆగలే.

కట్టెలు ఇరిచిన వేలు, కంప గుంజిన వేలు.
లోపల నల్లగ ముల్లు మొనొకటి, ఎన్నటిదో ఆమెకే ఎరుక లేదు.
గోరు కింద సున్నం.
నడుమ అంత సాపు, కడిగిన సాన మీద లెక్క.
స్టూడియోల అయితే గీసేటోన్ని,
తుడుసుడు గీసుడే గద నా బతుకు.
కుడి అంచుకు మాత్రం నాలుగు గీతలు
ఒకదానెనుక ఒకటి వంగి ఉన్నయి.

"అంచుకున్నయి పెద్దమ్మా.
వేలు పక్కకు ఒరిగిచ్చి పెట్టు మిషిను మీద."
"ఒరిగిచ్చి," అన్నది.
పది అడుగులు పోయి మళ్ల అన్నది, "ఒరిగిచ్చి."
మేకను అదిలించినట్టే అన్నది.

రాత్రి ఫొటోలకు పేర్లు పెట్టిన.
వెంపలి పద్నాలుగు. నేలవాకుడు ఆరు. జిల్లేడు తొమ్మిది.
వేలు ఒక్కటే. దాన్ని పూలల్లనే ఉంచిన,
ముడుతలు తీసే బొత్తాం దిక్కు చెయ్యి పోలే.

పల్లేరు ఒక్కటి గుడ సరిగ రాలే.
సూదితోని మోకాలు కెలుక్కుంట కూసున్న.
వచ్చే మంగళారం ఇంకా పొద్దుగాల పోవాలె,
అది మూసుకోకముందే.