చిలకపాలెంలో మూగబండి

పొగ పరీక్షలో నెగ్గి
మాటల పరీక్షలో తప్పిందట.
ఎచ్చెర్ల దగ్గర్నుంచి వెనక్కి పంపేశారు.

తవిటినాయుడు ఇంజను ఆపకుండానే దిగాడు.
"పొగ బాగానే ఉందన్నారు మావా.
తర్వాత ఆ గుంటడు స్టీరింగు కింద ఏదో గుచ్చి
బండి పలకట్లేదన్నాడు.
బండి పలకడమేటి? అదేటి నా మరదలా?"

ఊరు చిలకపాలెం. వచ్చింది మూగబండి.
నవ్వుకుంటూనే వెల్లకిలా దూరాను.

ఎవరూ చూడని ఆ చీకట్లో
ప్రతి బండికీ ఒక నోరుంటుంది.
రెండు వరసలు, పదహారు కన్నాలు,
పళ్లన్నీ ఊడిన ముసల్దాని నవ్వు.
స్కానరు పెట్టాను.
లింకు కుదరకపోవడం కాదు,
అసలు స్కానరే వెలగలేదు.
అప్పుడే సగం తెలిసిపోయింది.
మాట రాకపోవడం ఒక జబ్బు,
కూడు లేక నోరు పెగలకపోవడం ఇంకొకటి.

టెస్టులైటు తెమ్మన్నాను.
నాలుగు, ఐదు - ఎర్తు ఉంది.
పదహారు - తాళం తీసేసినా
బ్యాటరీ నుంచి కరెంటు రావలసిన కన్నం -
లైటు వెలగలేదు.

"సిగరెట్ సాకెట్ పనిచేస్తందేటి?"
"ఏదీ మావా, దీపావళి కాడ్నించి లేదు.
మూడు చార్జర్లు మార్చీసినాను."
"నువ్వు మార్చాల్సింది చార్జరు కాదు."
రెండింటికీ ఒకటే ఫ్యూజు.
ఒకే ముంతలో గంజి తాగే అన్నదమ్ములు.

సాకెట్లోకి టార్చి కొడితే
అడుగున అడ్డంగా
ఒక రూపాయి బిళ్ళ, అంచు కాలి.
తవిటినాయుడు చాలాసేపు చూశాడు.
"శ్రీకూర్మంలో తాబేళ్లు చూసొచ్చిన బేరం.
ముందు సీట్లో ఓ గుంట కూకుంది.
హుండీ అనుకున్నాదేమో."

ఏం మొక్కుకుని వేసిందో.
ఎర్ర ఫ్యూజు పీకి వెలుగుకేసి పట్టాను.
లోపలి సన్నతీగ తెగి, రెండు కొసలూ
ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.
కొత్తది నొక్కాను. పది రూపాయలు.
స్కానరు కూతపెట్టింది.

దీపావళి నుంచి నోరు కట్టేసుకున్న బండి
తెరిచీ తెరవగానే చాడీ చెప్పింది.
పి సున్నా నాలుగు రెండు సున్నా.

నేను తెర చూడలేదు, మీటరు చూశాను.
ఓ మూల గోరంత నల్లటేపు,
కింద పచ్చగా ఏదో వెలుగుతున్నట్టు.
తవిటినాయుడు రోడ్డుకేసి తిరిగాడు.

"చెరిపీ మావా."
"చెరుపుతాను. చెరిపేసినట్టు కూడా చెప్తాది."
"అయితే ఆ పాత ఫ్యూజే పెట్టీ."
"అప్పుడు మళ్లీ మూగదే కదరా."
"మూగదయితే ఏటి? నోరున్న మనిషొకడు తోల్తన్నాడు కదా."

ఆ తర్వాత అడిగాడు, పోయినదేటని.
చెప్పాను - సైలెన్సరుకి ముందు ఒక డబ్బా ఉంటది,
పొగలో విషాన్ని విరిచేది.
అరిగిపోయింది. బాగు చెయ్యడానికుండదు,
మార్చుకోవాలి. ఖర్చు చెప్పాను.
ఖర్చు విన్నట్టు లేడు.

మంగళారం శుక్రారం కవిటి నుంచి ముగ్గుర్ని
డయాలసిస్‌కి శ్రీకాకుళం తెస్తాడు.
చీకటితోనే బయల్దేరాలి.
వాళ్ళు కునికితే రేడియో తగ్గిస్తాడని,
నీళ్ళసీసా తన పక్కనే పెట్టుకుంటాడని,
అడిగితే మూతెడు కొలిచిస్తాడని
వాళ్ళలో ఒకావిడ ఇక్కడే, ఈ బల్ల మీద కూచుని చెప్పింది.

"ఎంత శాతం పనిచేస్తంది మావా ఇప్పుడు?"

ఈ కారు మీద అట్లా ఎవరూ అడగరు.
స్కానరు దానికి లెక్క చెప్పదు.
"ఇంకొన్నాళ్ళు లాగుతాది" అన్నాను,
అని, నాలిక్కరుచుకున్నాను.

బండెక్కి, గోటితో టేపు ఊడదీసి
అద్దానికి అంటించి వెళ్లిపోయాడు.
ఫ్యూజు ఉంచాడో,
నరసన్నపేట దాటాక పీకేశాడో తెలీదు.
రూపాయి మటుకు నా బల్ల మీదే ఉంది.
ఎవరైనా చిల్లర అడిగితే
అది తప్ప మిగతావి ఇస్తన్నాను.