పట్టూ విడుపూ

బక్స్టన్‌లో నవంబరు మూడో వారం.
వాన పడటం లేదు, వేలాడుతోంది.
రైలు వంతెన కింద టైర్ల కొట్లో
ఒల్లెరెన్‌షా నా కారు చుట్టూ ఒకసారి తిరిగి
జేబులోంచి ఇరవై పెన్నీల బిళ్ళ తీసి
వెనక టైరు గాడిలో నిలబెట్టాడు.
బిళ్ళ అంచు మొత్తం బయటే ఉంది,
పొట్టి పావడా కింద చీలమండలా.

"దీని మీద ప్రసవాలకి వెళ్తున్నావా, వకుళా?"

వెళ్తున్నాను.
పద్నాలుగేళ్ళుగా ఈ కొండల్లో మంత్రసానిని.
రెండు సీట్ల ఈ ఎర్ర కారు నా ఒకే ఒక్క దుబారా.
డిక్కీలో గ్యాసు సిలిండరు, తువ్వాళ్ళు,
బిడ్డను తూచే కొక్కెం త్రాసు.

మొన్న మంగళవారం రాత్రి లాంగ్నర్ రోడ్డు మీద
గొర్రెల గేటు దగ్గర మలుపులో
కారు వెనక భాగం నన్ను దాటి ముందుకు పోబోయింది.
స్టీరింగ్ చేతిలోనే ఉంది.
రోడ్డే లేదు.
గిర్రున ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారినే చూస్తూ ఆగాను.
లైట్ల వెలుగులో, రాతిగోడ అవతల
ఒక గొర్రె
నమలడం ఆపకుండా నన్ను చూసింది.

బ్రియనీ బిడ్డ నాకంటే నాలుగు నిమిషాలు ముందొచ్చింది.
వంటింటి తువ్వాలుతో తండ్రే పట్టాడు.
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏదొస్తే అది పట్టాలని సామెత.
పట్టాలంటే ముందు చేరాలని
సామెత కట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేకపోయింది,
వాళ్ళు నడిచి వెళ్ళేవాళ్ళు.

ఇదేమీ ఒల్లెరెన్‌షాకి చెప్పలేదు.
అతను వంగి, టైరు పక్కన నాలుగంకెలు చదువుతున్నాడు:
"తొమ్మిదేళ్ళ కిందటిది. ముప్పై ఎనిమిదో వారం."
నాకు నవ్వొచ్చింది.
నిండు నెలల టైరు.

వేసవి రబ్బరట. జూలై తారు మీద జిగురట.
ఏడు డిగ్రీల కిందికి దిగితే
డిసెంబరు కొబ్బరినూనె సీసా.
బోర్లించినా కదలదు.

గోడకి మూడు ఆనించాడు.
మొదటిది పాతదాని తోబుట్టువు. వెడల్పు, నునుపు, సోకు.
రెండోది అచ్చంగా మంచుకి.
"మంచు నాలుగు రోజులే కదా" అంటే
"ఆ నాలుగు రోజులూ నిన్నెవరూ పిలవరా?" అన్నాడు.
జవాబు చెప్పలేదు.
మూడోదాని మీద కొండబొమ్మ, అందులో మంచుపువ్వు.
అన్ని కాలాలదీ. ఒక సైజు సన్నం.
కారు పుస్తకంలో ఆ సైజు కూడా రాసే ఉంది,
నేనే ఎప్పుడూ ఆ పేజీ తిప్పలేదు.

"వెడల్పుది నీళ్ళ మీద చాపలా పరుచుకుంటుంది.
సన్నది దిగుతుంది."

వేలు పెట్టి చూశాను.
లోతు గాళ్ళు, వాటి పక్కన
దువ్వెన పళ్ళ సందుల్లాంటి చీలికలు.
ఇంత డబ్బు పోసి నేను కొంటున్నది
సగం ఖాళీ జాగానే.
ఆ ఖాళీ నీళ్ళని వదిలితేనే
రబ్బరు నేలని పడుతుంది.

పురిటి మంచం పక్కన రోజూ నేననేదీ ఇదే:
దవడ వదులు తల్లీ. భుజాలు వదులు.
బిగబట్టకు.

"ప్రస్తుతానికి రెండు వేయించుకోనా, ముందు?"
"కొత్తవి ఎప్పుడూ వెనక్కే.
ముందు జారితే నీకు తెలుస్తుంది.
వెనక జారితే, తెలిసేసరికి అయిపోతుంది."
మంగళవారం కళ్ళముందు గిర్రున తిరిగింది.
నాలుగూ వేయమన్నాను.

తాళాలిస్తూ చెప్పాడు:
"మొదటి వంద మైళ్ళు మెల్లగా పో.
కొత్త టైరుకి అచ్చులోంచి వచ్చిన జిడ్డుంటుంది."

ఆ జిడ్డు నాకు కొత్తా?
వెన్న పూసుకుని పుట్టే ఒళ్ళు
జారిపోకుండా ఎలా పట్టాలో ఈ చేతులకి తెలుసు.
గట్టిగా మాత్రం కాదు.

సాయంత్రం, ఎవరూ పిలవకుండానే,
లాంగ్నర్ రోడ్డెక్కాను.
తడిసిన తారు పట్టుచీర మడతలా మెరుస్తోంది.
మలుపు వచ్చింది, పోయింది.
గేటు దగ్గర గొర్రె అక్కడే ఉంది.
ఈసారి తలైనా ఎత్తలేదు.