లెక్కలోకి రాని గాలి

మంగళవారం దాకా బాగానే ఉంది.
బుధవారం తెల్లారుజామున, హోర్షమ్ దాటాక,
పొగమంచులో గోధుమ సైలోలు తేలుతున్న చోట
ముందు ఒక ఎక్కిలి.
తర్వాత మరొకటి.
యాక్సిలరేటర్ నొక్కితే
విని కూడా వినని పిల్లాడిలా
ఒక్క క్షణం ఆగి, అప్పుడు దూకింది కారు.

డింబూలాలో ఆపినా కుదురు లేదు దానికి.
పలవరించే మనిషి ఛాతీలా
లేస్తూ, కుంగుతూ ఇంజను.
డాష్‌బోర్డులో పసుపు దీపం.
వెనక సీట్లో ఐస్ పెట్టె, సూదులు,
పేర్లంటించిన ఖాళీ ట్యూబులు.

మార్లీన్‌కి అరవై దాటాయి.
బోనెట్ ఎత్తకముందే ప్రశ్నలు మొదలు:
ఎప్పటినుంచి? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?
పెట్రోలు ఎక్కడ పోయించావు?
ఈమధ్య లోపల ఎవరైనా చెయ్యి పెట్టారా?

"లేదు" అన్నాను.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు మావాళ్ళు.
ఆ సామెతలో మెకానిక్ లేడు.

స్టీరింగు కింద వైరు గుచ్చి చూసింది.
గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అంటోంది పెట్టె.
"పెట్టెలు రోగం పేరు చెప్తాయి,
ఇంటి నంబరు చెప్పవు" అని
ప్లగ్గులు నాలుగూ విప్పి గుడ్డ మీద పరిచింది.
నాలుగూ బిస్కెట్ రంగులో, నిక్షేపంగా ఉన్నాయి.
సెన్సారు కడిగింది, ఆరబెట్టింది, బిగించింది.
అదే ఎక్కిలి.
గంట గడిచింది.
నేను ఆమె కుక్క చెవులు నిమురుతూ కూచున్నాను.

చివరికి ఒక రబ్బరు గొట్టం తీసి
ఒక కొస చెవిలో పెట్టుకుని
రెండో కొసని ఇంజను మీద అంగుళం అంగుళం జరిపింది.
రోజూ నరం వెతికే దాన్ని,
ఆ మణికట్టు నిదానం నాకు తెలుసు.
ఒకచోట ఆగింది.
గొట్టం నా చెవికిచ్చింది.

స్స్‌స్...

"గాలిని లెక్కపెట్టే కాపలావాడు ఇక్కడ.
సందు వాడి వెనక.
దొంగదారిన వచ్చేది లెక్కలోకి రాదు,
ఇంజను మాత్రం దాన్నీ పీల్చాలి కదా."
స్క్రూడ్రైవరుతో క్లాంపు మూడు తిప్పులు.
ఊపిరి నిలబడింది.
పలవరింత ఆగింది.

అప్పుడు చెప్పాను:
మంగళవారం రాత్రి, ఫోను వెలుగులో,
నలభై డాలర్లు మిగులుతాయని
ఫిల్టరు నేనే మార్చానని,
పైపు కూచోకపోతే అదిమానని,
క్లాంపు బిగిసిందనే అనుకున్నానని.

మార్లీన్ చేతులు తుడుచుకుంది,
ఒక్కో వేలూ విడివిడిగా.
"తెలుసు. డబ్బా మీద దుమ్ములో
చిన్న వేళ్ళ ముద్రలున్నాయి.
నువ్వే చెప్తావని చూశాను.
పనికి పది డాలర్లు,
వెతుకులాటకి తొంభై."

గురువారం నిల్ లో క్లైవ్ హార్ట్‌నెల్ గారు
చొక్కా చెయ్యి పైకి మడిచారు.
ఏమీ తినలేదు కదా అని అడిగాను.
మంచినీళ్ళు కూడా ముట్టలేదట.
స్వెట్టరు మీద బిస్కెట్ పొడి.
ప్రతి నెలా రాలేది అదే పొడి,
ప్రతి నెలా నేను విసుక్కునేదీ అదే.

సూది పక్కన పెట్టాను.
గ్లవ్స్ తీసి, ఒక్కో వేలూ తుడుచుకుని,
కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.
బయట నా కారు చల్లారుతూ
టిక్కు టిక్కుమంటోంది.
తొందరేం లేదు,
మళ్ళీ అడిగాను.