మొండిచెవి పిల్ల

ఆరుద్రల దాటినయి,
కార్తీకం పోంగనే ఈనినయి.
కోయిల్‌కొండ తొవ్వకు ఎడమదిక్కు
పచ్చజొన్న మోళ్ల చెలకల మంద.
పశువుల దవాఖానా నుంచి నేను
ఐసు డబ్బా, సూదులు,
ఊదారంగు మూతల సీసాలు ఇరవై
భుజానేసుకొని పోయిన.
పైనుంచి వచ్చిన కాగితంల ఉన్నది:
మందకు ఇరవై గొర్రెల నెత్తురు,
ఒకదానికొకటి చుట్టం కానివి.

చుట్టం కానివా?
ఆగమయ్య గొంగడి దులిపి నవ్విండు.
"అమ్మా, ఈ మందల చుట్టం కానిది
నేనొక్కన్నే.
గది గుడ గట్టిగ చెప్పలేను."

గంప లేపి చూపిచ్చిండు,
రాత్రి పుట్టిన పిల్ల.
చెవులుండాల్సిన జాగల
చింతగింజలంత బుడిపెలు రెండు.
"తల్లికి అర చెవి. తండ్రికి అర చెవి.
రెండరలు కలిస్తే ఒకటి కావాలె గద,
ఈడ సున్న అయితది సూడు.
ఒక్కోపారి నిండు చెవి గుడ వస్తది.
శానమట్టుకు మళ్ల అరలే."

కాలేజీల బఠాణీ గింజలు పెట్టి
నాలుగు గడుల డబ్బా గీయించిండ్రు నాతోని.
పది మార్కుల ప్రశ్న.
అదే డబ్బా
ఈయన నలభై ఏండ్లసంది
గీత గీయకుండ నింపుతున్నడు.

పొట్టేలును కొనేటప్పుడు
పొట్టేలును చూడడంట,
దాన్ని కన్న తల్లి పొదుగు చూస్తడంట.
మూడేండ్లు నిండితే
మద్దూరు దిక్కు మందకు తోలి
ఆళ్లది తెచ్చుకుంటడు.
"బిడ్డల మీదికే వస్తది మరి.
ఒక్క ఇంటిపేరోళ్లకు లగ్గం జేస్తమా?"

ఒక ఏడు లారీల దిగినయంట
సముద్రం దిక్కు పొట్టేళ్లు,
తెల్లయి, పొడుగు కాళ్లయి.
ఆ ఈత పిల్లలు తూకంల మొగ్గినయి.
ఊరంత సంబురం.
బొచ్చు పోయింది.
గొంగడి నేసే సాయవ్వ మగ్గం గుంతల
కోడి పొదిగింది.
ముసురు పట్టినంక గిట్టలు చీమువట్టి
తెల్లయి కుంటినయి,
మిగిలిన నల్లయి మేసుకుంట పోయినయి.

నాలుగు ఈతలైనంక
తెల్ల తల్లికి, తెల్ల తండ్రికి
బొగ్గు లెక్క ఒకటి పుట్టింది.
"ఊరోళ్లు గొర్రెను అనుమానించిండ్రు,"
ఆగమయ్య బీడీ ఆర్పిండు.
"నేను సాయవ్వకు కబురు చేసిన."

ఏడ దాక్కున్నది అన్నొద్దులు?
నేను చెప్పబోయిన:
నెత్తురుల నాలుగే అక్షరాలుంటయి తాతా,
తరం తరం నకలు దిగుతుంటయి,
ఎప్పుడో ఒకపారి రాసే చెయ్యి జారుతది.
చెడిపేది కొన్ని, బతికిచ్చేది కొన్ని.
ఎక్కువ మట్టుకు ఏం చెయ్యవు,
మేక మెడ చన్ను లెక్క
పాలియ్యకుండ, బరువుగాకుండ
ఊగుతుంటయి ఊరికే.

"నాలుగేనా?" అన్నడు.
"మా గొర్రెలకు పేర్లే డెబ్బై."

ఈ చెవులు లేనిది బతుకుతదా అని
చప్పట్లు కొట్టిన.
తిరిగి చూసింది.
"జాలికంపల దూరితే
చెవులున్నయే చిక్కుతయి తల్లీ.
దీనికి పట్టుకునేందుకు ఏమున్నది?"

అన్నీ మంచియే ఏరి
ఒక్కతీరు మందను చేస్తే కాదా?
ఈ మాట అడిగినందుకు
ఇప్పటికీ సిగ్గే.
ఆయన జవాబియ్యలే.
పొద్దు గూకుతున్నది,
మేతకు పోయినయి మళ్లినయి,
గంపలన్నీ ఒక్కపారి లేపిండు.

నూటా ఇరవై పిల్లలు,
నూటా ఇరవై అరుపులు,
దుమ్ముల ఏది ఏందో నాకు తెల్వలే.
మొండిచెవిది రెండు గొర్రెల కాడికి పోయి
తన్నులు తిన్నది.
మూడోది తోక కింద వాసన చూసి
కాళ్లెడం చేసి నిలబడ్డది.
ఒక్కతీరు ఉండుంటే
ఏ తల్లి దేన్ని దొరకవట్టు?

ఐసు కరుగుతున్నది.
బస్సు ఏడున్నరకు.
పదిహేడో సీసా మీద పేరు రాసి,
కాగితంల చుట్టరికం అన్న గడిల
ఏం పెట్టాల్నో తెల్వక
"ఉన్నది" అని రాసిన.